బండి మరమ్మతు మనమే చేసుకోవాలా, షెడ్డుకు ఇవ్వాలా: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

మీలో ఇద్దరు దాదాపు ఒకే సమయంలో ఒకే ప్రశ్న అడిగారు. హైదరాబాదులో ఉన్న అబ్బాయి తాను కొన్న సెకండ్ హ్యాండ్ కారు బ్రేకు తొక్కినప్పుడల్లా కీచుమంటోందనీ, ప్యాడ్లు ఇంటి దగ్గరే మార్చుకోవచ్చునా అనీ రాశాడు. డాలస్‌లో ఉన్న అమ్మాయి అక్కడి షాపువాళ్లు చేతికిచ్చిన ఎస్టిమేటు చూసి కంగారుపడి, ఆ పనులన్నీ తానే నేర్చుకుని చేసుకుంటే ఎలా ఉంటుందని అడిగింది. మిగిలినవాళ్లకూ నేడో రేపో ఇదే అవసరం పడుతుంది కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను.

ఇలాంటి సందర్భంలో అందరూ ముందు డబ్బు లెక్క వేస్తారు. ఆ లెక్క అవసరమే, దాని సంగతి తరువాత రాస్తాను. దానికంటే ముందు తేల్చుకోవలసినది మరొకటి ఉంది: ఈ పనిలో నా వల్ల పొరపాటు జరిగితే అది ఎక్కడ బయటపడుతుంది? ఏసీ ఫిల్టరు తిరగేసి పెట్టారనుకోండి, గాలి సరిగా రాదు, మళ్లీ తీసి సరిచేస్తారు. పొరపాటు ఇంటి ముందే బయటపడింది, ఇంటి ముందే సర్దుకుంది. బ్రేకు ప్యాడ్లను పట్టి నొక్కే క్యాలిపరు బోల్టుకు బిగువు చాలలేదనుకోండి, ఆ సంగతి మీ వీధిలో తెలియదు. విజయవాడ హైవే మీద సూర్యాపేట దాటాక, నిండా మనుషులున్న బండి వేగంగా పోతున్నప్పుడు తెలుస్తుంది. మొదటి రకం పనులు ధైర్యంగా నేర్చుకోండి. రెండో రకం పనులను, చేయి తిరిగిన మనిషి పక్కన నిలబడి చూపించనిదే ముట్టుకోకండి. ఎన్ని వీడియోలు చూసినవాళ్లకైనా నేను చెప్పేది ఇదే.

మొదటి రకంలో పనులు తక్కువేమీ లేవు. చాలా చిన్న కార్లలో ఏసీ ఫిల్టరు డాష్‌బోర్డులోని గ్లవ్ బాక్సు వెనక ఉంటుంది. ఆ బాక్సు రెండు పక్కలా లోపలికి నొక్కి కిందికి వంచితే ఒక సన్నటి మూత కనిపిస్తుంది. దాన్ని తీసి, పాత ఫిల్టరు లాగి, కొత్తదాని అంచు మీది బాణం గుర్తు పాతదాని బాణం చూపిన వైపే ఉండేలా దోపాలి. పానా కూడా అక్కర్లేదు. ఇంజిన్ ఎయిర్ ఫిల్టరు, వైపర్ బ్లేడ్లు, బల్బులు, టైర్లలో గాలి చూసుకోవడం, స్టెప్నీ మార్చడం బండి ఉన్న ప్రతివాళ్లకూ రావలసిన పనులే. ఆడపిల్లలకు స్టెప్నీ మార్చడం ఎందుకనే మాట మన ఇళ్లలో ఇంకా వినిపిస్తోంది. అర్ధరాత్రి రింగు రోడ్డు మీద పంక్చరైన టైరుకు ఆ తేడా తెలియదు కనుక ఆ మాట లెక్కచేయకండి.

బ్యాటరీ మార్చడం ఈ రెండు రకాలకూ మధ్యలో ఉంటుంది, అందుకే కాస్త వివరంగా రాస్తాను. 12 వోల్టులే కదా, షాక్ కొట్టదు అనుకుంటారు. అది నిజమే, కానీ షార్టయితే అదే బ్యాటరీ వందల ఆంపియర్ల కరెంటును ఒక్కసారిగా వదులుతుంది, చేతి ఉంగరం కాగిపోయి వేలికి అంటుకోవడానికి క్షణం చాలు. అందుకే ముందు ఉంగరాలూ గడియారమూ తీసి పక్కన పెట్టండి; విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. దీనికి కారణం తెలిస్తే వరుస ఎప్పటికీ మరిచిపోరు. కారు బాడీ అంతా నెగటివ్‌కు కలిసి ఉంటుంది కాబట్టి, నెగటివ్ ఇంకా బిగించి ఉండగా పాజిటివ్ విప్పబోతే, పానా రెండో కొస పక్కనున్న ఇనుముకు తగిలిన మరుక్షణం షార్టవుతుంది. నెగటివ్ ముందే తీసేసి ఉంటే పానా కారు బాడీకి తగిలినా నష్టం లేదు. టెర్మినళ్ల మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరిన తరువాత బిగించి, పైన కాస్త వాజలీన్ రాయండి. పాత బ్యాటరీలో సీసమూ ఆమ్లమూ ఉంటాయి కాబట్టి దాన్ని పాత ఇనుప సామానువాడికి వేయకుండా, కొత్తది కొన్న షాపులోనే ఇచ్చి బిల్లులో ఆ మేరకు తగ్గించుకోండి.

అసలు బ్యాటరీ చెడిందని ఎవరు చెప్పారు? ఇది అడగకుండానే చాలామంది కొత్తది కొంటారు. బండి సెల్ఫ్ తీసుకోకపోతే తప్పు బ్యాటరీదే కావచ్చు, దాన్ని ఛార్జ్ చేసే ఆల్టర్నేటరుది కావచ్చు, కేవలం వదులైన టెర్మినల్‌ది కావచ్చు. వోల్టులు కొలిచే మల్టీమీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, ఒకటి ఇంట్లో ఉంచుకోండి. ఇంజిన్ ఆపి కొన్ని గంటలు గడిచాక నిండుగా ఛార్జున్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది, 12.2 చూపిస్తే దాదాపు సగం ఖాళీ అయినట్టు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు అవే టెర్మినళ్ల మధ్య సాధారణంగా 13.8 నుంచి 14.5 దాకా రావాలి. అంత రాకపోతే ఛార్జింగులోనే లోపముంది, కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజుల్లో అదీ పడుకుంటుంది. కారు కంప్యూటరు నమోదు చేసిన లోపాల కోడ్లను చదివే, ఫోనుకు కలిపి చూసే చిన్న ఓబీడీ స్కానర్లు కూడా ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నాయి. అయితే స్కానరు చూపించే కోడు ఏ భాగం కొనాలో చెప్పదు, ఏ సర్క్యూటు నుంచి ఫిర్యాదు వచ్చిందో మాత్రమే చెబుతుంది. ఆక్సిజన్ సెన్సార్ పేరుతో వచ్చిన కోడుకు అసలు కారణం గొట్టంలో ఎక్కడో గాలి లీకవడం కావచ్చు. రోగం తేల్చే పని కష్టమైనది, భాగం మార్చే పని సులువైనది. షాపుకు డబ్బు ఇవ్వవలసి వస్తే మొదటిదానికి సంతోషంగా ఇవ్వండి.

ఇక ముట్టుకోకూడనివి. బండితో వచ్చిన జాకీ టైరు మార్చడానికి మాత్రమే. కిందికి దూరే పని ఏదైనా ఉంటే, గట్టి నేల మీద, సరైన చోట బండి బరువు మోసే స్టాండ్లు వేయకుండా ఒంట్లో ఏ భాగమూ బండి కిందికి పోకూడదు. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తిప్పకండి, ఒత్తిడి కింద ఉన్నంతసేపు నూరు డిగ్రీలు దాటినా మరగని నీరు మూత తీసిన వెంటనే ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. ఎయిర్‌బ్యాగులు, పెట్రోలు పైపులు, ఏసీ గ్యాసు, టైమింగ్ బెల్టు, హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో నారింజ రంగు తీగలు మీవి కావు. ఆ తీగల్లో పారేది వందల వోల్టుల కరెంటు.

ఇంజిన్ ఆయిల్ గురించి కూడా అడుగుతారు. పని పెద్ద కష్టం కాదు, కానీ దించిన మూడు నాలుగు లీటర్ల నల్ల నూనెను ఏం చేస్తారు? అపార్టుమెంటు డ్రైనేజీలో పోయడం నేరమే కాకుండా పాపం కూడా. దాన్ని తీసుకునేవాళ్లు తెలియనంతకాలం ఆయిల్ మార్పు షెడ్డులోనే చేయించండి.

ఇప్పుడు బ్రేకుల మాట. అబ్బాయీ, నువ్వు చేయవలసినది మార్చడం కాదు, చూడడం. చక్రం సందుల్లోంచి టార్చి వేస్తే డిస్కును నొక్కే ప్యాడు కనిపిస్తుంది. ఇనుప పలకకు అతికి ఉన్న అరిగే పొర మందం మూడు మిల్లీమీటర్లకు దిగితే మార్చే వేళయినట్టే. చాలా ప్యాడ్లకు ఒక సన్నని రేకు ఉంటుంది, ప్యాడు అరిగాక అది డిస్కుకు రాసుకుని కీచుమని మనల్ని హెచ్చరించడానికే దాన్ని పెట్టారు. వాన వెలిశాక ఉదయం ఒకటి రెండుసార్లు వచ్చి పోయే శబ్దమైతే అది డిస్కు మీది తుప్పు, దానికి భయం లేదు. మార్చేటప్పుడు షెడ్డులో పక్కనే నిలబడి నాలుగు సంగతులు గమనించు: ఒకే యాక్సిల్ (ఇరుసు) మీద రెండు చక్రాలకూ కలిపి ప్యాడ్లు మారుస్తున్నారా, విప్పిన క్యాలిపరును రబ్బరు హోసుకు వేలాడదీయకుండా తీగతో కట్టారా, క్యాలిపరు అటూ ఇటూ జారే స్లైడ్ పిన్నులు శుభ్రం చేసి తగిన గ్రీజు పెట్టారా, చక్రం నట్లను ఎదురెదురుగా బిగించి చివర బిగువును కొలిచే పానా అయిన టార్క్ రెంచితో సరిచూశారా. పని అయ్యాక బండి కదిలించే ముందు పెడలును కొన్నిసార్లు తొక్కి గట్టిపడిందో లేదో చూడాలి. కొత్త ప్యాడ్లకు చోటు కోసం క్యాలిపరులో ప్యాడ్లను నెట్టే పిస్టన్‌ను వెనక్కి నెట్టి ఉంటారు కాబట్టి మొదటిసారి పెడల్ నేల దాకా పోతుంది. ఈ ఒక్క సంగతి తెలియక బండిని గేటుకు కొట్టినవాళ్లున్నారు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక సాధారణంగా రెండేళ్లకోసారి మార్చమంటారు. చివరిసారి ఎప్పుడు మార్చారో రికార్డు లేని పాత బండికి ఇప్పుడే మార్పించు.

డబ్బు లెక్క ఊరును బట్టి మారుతుంది. మన దగ్గర లేబర్ ఛార్జీ తక్కువ, బిల్లులో ఎక్కువ భాగం స్పేర్లదే. ఒక్క ప్యాడ్ల కోసం టార్క్ రెంచీ, స్టాండ్లూ కొంటే మిగిలేదేమీ ఉండదు. విజయవాడ ఆటోనగర్‌లో ఒకసారి తిరిగి చూడండి: రేడియేటర్లు మాత్రమే చూసేవారు, డీజిల్ పంపులు మాత్రమే చూసేవారు, లేతు మీద మర పోయిన భాగానికి మళ్లీ మర కోసేవారు, ఒక్కొక్కరు ఒక్కొక్క పనిలో జీవితం గడిపినవారు. ఆ నైపుణ్యానికి ఇచ్చే రూపాయి వృథా కాదు, దాని దగ్గర గీచి గీచి బేరమాడడం నాకు నచ్చదు. మనం నిలదీయవలసినది స్పేర్ల దగ్గర. కంపెనీ పార్టు అని చెప్పి డూప్లికేటు వేయకుండా డబ్బా, బిల్లు అడగండి, విప్పిన పాత భాగాన్ని అడిగి తీసుకోండి, ఎస్టిమేటులో లేని పని చేసే ముందు ఫోను చేయాలని ముందే చెప్పండి. అన్యాయం జరిగిందనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

షోరూములోనే చేయించాలా అని కూడా అడిగారు. వారంటీ నడుస్తున్నంతకాలం దాని షరతులు చదవకుండా బయట పెద్ద పని చేయించకండి. అయితే బయటి మెకానిక్ అంటే నాసిరకమన్న భావన వద్దు. ఒరిజినల్ స్పేర్లూ లోపాలు పట్టే పరికరాలూ బయటి గ్యారేజీలకు అందనివ్వడం లేదని తేల్చి, 2014 ఆగస్టులో మార్కెట్లో పోటీ సవ్యంగా ఉందా అని చూసే మన దేశపు కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు ఆ తీర్పు మీద పైకి వెళ్లాయి, కానీ చిన్న షెడ్డు చాలాకాలం వెనకబడి ఉండడానికి కారణం ఎప్పుడూ చేతకానితనమే కాదని అది బయటపెట్టింది.

డాలస్‌లో లెక్క తిరగబడుతుంది. అక్కడ గంట పనికి వంద డాలర్లు దాటి తీసుకునే షాపులు మామూలు కాబట్టి, ఫిల్టర్లు, బ్యాటరీ, వైపర్లు నువ్వే మార్చుకుంటే నిజంగానే కలిసివస్తుంది. పెద్ద స్పేర్ పార్టుల దుకాణాల్లో డిపాజిట్ కట్టించుకుని పనిముట్లు వాడుకోవడానికి ఇస్తారు, కొన్నిచోట్ల కోడు కూడా ఉచితంగా చదివి చెబుతారు. నువ్వే పని చేసుకున్నావన్న ఒక్క కారణంతో వారంటీ నిరాకరించడానికి వీల్లేకుండా 1975 నుంచి అక్కడ మాగ్నసన్-మాస్ చట్టం ఉంది, కొన్న వస్తువుల రసీదులు మాత్రం తేదీలవారీగా దాచుకో. ఏ పని మొదలుపెట్టే ముందైనా నీ అపార్టుమెంటు లీజు చదువు, పార్కింగులో మరమ్మతులు చేయకూడదని చాలా లీజుల్లో ఉంటుంది. ఎస్టిమేటులోని మిగతా పెద్ద పనులకు, ఆ లోపాన్ని ఏ పరీక్షతో తేల్చారో రాసిమ్మని అడిగి, ఆ కాగితంతో ఇంకో షాపుకు వెళ్లు.

అబ్బాయీ, కీచుమనే శబ్దంతో ఇంకా తిరగకుండా ఈ వారంలోనే షెడ్డుకు వెళ్లు. విప్పిన ప్యాడ్లలో లోపలిదీ బయటిదీ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి పంపు; రెండూ సమానంగా అరగకపోతే పిన్ను పట్టేసి ఉండవచ్చు, అప్పుడు క్యాలిపరు సంగతి కూడా చూడమని మెకానిక్‌కు చెప్పాలి.

మీ పెదనాన్న