కోడింగ్ గ్రూపుల్లో జోకులు, దారి తప్పిన ప్రశ్నలు: అపోహలు - వాస్తవాలు

కోడింగ్ గ్రూపుకి మోడరేటర్‌గా ఉంటే తరచూ వినపడే మాటలివి.

అపోహ: సీరియస్ ఇంజనీర్లు పని దగ్గర జోకులు వేయరు.

వాస్తవం: ఇంటర్నెట్ ప్రమాణాలు ప్రచురించే ఆర్‌ఎఫ్‌సీ అనే పత్రాల్లోనే ఏప్రిల్ ఫూల్ జోకులున్నాయి. పావురాలతో డేటా పంపే పద్ధతిని 1990 ఏప్రిల్ 1న పక్కా ఫార్మాట్‌లో రాసిపెట్టారు, దాని నంబరు 1149. 2001లో నార్వేలోని బెర్గెన్‌లో లినక్స్ (విండోస్‌లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) గ్రూపువాళ్లు నిజంగానే పావురాలతో పింగ్ (అవతలి కంప్యూటర్ జవాబిస్తుందా అని చూసే చిన్న మెసేజ్) కొట్టి చూశారు, 9 పంపితే 4 జవాబులొచ్చాయి. (కొన్ని ఆఫీసుల వైఫై కంటే నయమే.)

అపోహ: అది జోక్ అని చదివేవాళ్లకి తెలిసిపోతుందిలే.

వాస్తవం: తెలియదు. 1982లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ బులెటిన్ బోర్డులో, లిఫ్ట్‌లో పాదరసం ఒలికిందని సరదాగా రాస్తే కొందరు నిజమైన హెచ్చరికే అనుకున్నారు, ఆ గందరగోళం తర్వాతే స్కాట్ ఫాల్‌మన్ సెప్టెంబరు 19న జోకులకి కోలన్, హైఫన్, బ్రాకెట్‌తో స్మైలీ గుర్తు పెడదామన్నాడు. అక్కడున్నది కంప్యూటర్ సైన్స్ వాళ్లు. మరి నిన్ననే లినక్స్ ఎక్కించుకున్న కుర్రాడికి "ఆర్‌ఎం మైనస్ ఆర్‌ఎఫ్ స్లాష్ కొట్టు, స్పీడ్ పెరుగుతుంది" అని చెప్తే? నిజానికి అది సిస్టమ్‌లోని ఫైళ్లన్నీ చెరిపేయమనే కమాండ్. ఇప్పటి లినక్స్‌లో మామూలుగా ఆ కమాండ్‌ని ఆర్‌ఎమ్మే ఆపేస్తుంది కదా అని వాదిస్తారు, కానీ చివర ఒక్క స్టార్ చేర్చి రూట్‌గా (అన్ని అధికారాలున్న యూజర్‌గా) కొడితే ఆ అడ్డు పనిచేయదు, ఎందుకంటే షెల్ (మనం కొట్టిన కమాండ్లని అందుకునే ప్రోగ్రామ్) ఆ స్టార్‌ని ముందే ఒక్కో ఫోల్డర్ పేరుగా మార్చి అందిస్తుంది. జోక్ వేసినవాడు నవ్వుకుని వెళ్లిపోతాడు, ఆ పోస్టు మాత్రం సెర్చ్‌లో ఏళ్లతరబడి దొరుకుతూనే ఉంటుంది. ఇలాంటివి స్మైలీ ఉన్నా సరే తీసేస్తాను.

అపోహ: ఆఫ్‌టాపిక్ అడిగినవాళ్లకి గట్టిగా తలంటితేనే గ్రూపు బాగుపడుతుంది.

వాస్తవం: "ఏ లాప్‌టాప్ కొనాలి", "అమీర్‌పేటలో జావా ఎక్కడ బాగా చెప్తారు" అని అడిగేవాళ్లకి చాలాసార్లు ఎక్కడ అడగాలో తెలియదు, అంతే. అలాంటివాటికి విడిగా ఒక ఛానల్ పెట్టి, లింకిచ్చి పంపితే ఒక్క మెసేజ్‌తో పోతుంది. తలంటడం మొదలైతే కిందంతా రిప్లైల జాతరే, అసలు ఆఫ్‌టాపిక్ అదీ.

అపోహ: రూల్స్ పెడితే సరదా చచ్చిపోతుంది.

వాస్తవం: ముందు జవాబు రాయండి, దాని కింద ఎంత వెటకారమైనా చేసుకోండి. తప్పుల ఇంగ్లీష్‌లో అడిగాడని వెక్కిరిస్తే మాత్రం దాన్ని నేను జోకు కింద లెక్కెయ్యను, నేరుగా మ్యూటే.