అప్‌డేట్ ఎందుకు వెనక్కి పోతుంది?

నెలలో రెండో మంగళవారం అమెరికా పసిఫిక్ తీరంలో పొద్దున పది కొట్టగానే మైక్రోసాఫ్ట్ ఆ నెల విండోస్ అప్‌డేట్‌ను వదులుతుంది. మనకప్పుడు రాత్రి పదిన్నర, చలికాలంలో అయితే పదకొండున్నర. 2003 నుంచి ఇదే పద్ధతి. అందుకే హన్మకొండలో, నయీంనగర్‌లో ఇంటర్నెట్ సెంటర్ షట్టర్ లేపేవాళ్లకు ఆ బుధవారం పొద్దున ఒక తలనొప్పి కాచుకొని ఉంటుంది. రాత్రి ఆపకుండా వదిలేసిన సిస్టం అప్‌డేట్ దించుకొని రీస్టార్ట్ అడుగుతుంది. సరే అనగానే తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి, శాతం ముప్పై దాకా పోతుంది, తర్వాత "అప్‌డేట్ పూర్తి చేయలేకపోయాం, మార్పులను వెనక్కి తీసుకుంటున్నాం" అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ ముక్క ఒకటి కనబడుతుంది. డిగ్రీ సీటుకు దోస్త్‌లో, అంటే తెలంగాణ ఆన్‌లైన్ అడ్మిషన్ల సైటులో, అప్లై చేయడానికి వచ్చిన పిల్లలు గుమ్మం దగ్గర నిలబడి ఉంటారు.

"అన్నా, ఇంకెంత సేపు?"

"ఆగు తమ్మీ, మల్లా గదే వచ్చింది."

మర్నాడు మళ్లీ అదే తంతు. విసుగొచ్చి కొందరు అప్‌డేట్ సర్వీసునే ఆపేస్తారు. ఇంకొందరు ఫార్మాట్ కొట్టిస్తారు. ఆ రెండింటికీ ముందు తెలుసుకోవాల్సింది చాలా ఉంది.

మొదట ఆ వెనక్కి తిప్పుడు సంగతి. నడుస్తున్న విండోస్‌లో చాలా ఫైళ్లు వాడుకలో ఉంటాయి, వాటిని అప్పటికప్పుడు మార్చడం కుదరదు. అందుకని అప్‌డేట్ కొత్త ఫైళ్లను పక్కన సిద్ధం చేసుకుని, ఏది దేని స్థానంలోకి పోవాలో జాబితా రాసుకుని, రీస్టార్ట్ సమయంలో ఆ మార్పిడి కానిస్తుంది. మధ్యలో ఒక్క ఫైలు దగ్గర తేడా వచ్చినా అప్పటిదాకా చేసినదంతా రద్దు చేసుకుని పాత స్థితికి వస్తుంది. ఐతే మొత్తం కావాలి, లేకపోతే ఏమీ కాకూడదు అనే ఈ సూత్రం డేటాబేస్ శాస్త్రం నుంచి వచ్చింది. మీ ఖాతాలో డబ్బు తగ్గి అవతలి ఖాతాలో పడకుండా మధ్యలో ఆగిపోతే ఎలా అన్న ప్రశ్నకు జవాబుగా ట్రాన్సాక్షన్ అనే భావనను గట్టిగా నిలబెట్టినవాళ్లలో జిమ్ గ్రే ముఖ్యుడు. 1998లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. సగం పాత, సగం కొత్త ఫైళ్లతో లేచిన విండోస్ అసలు లేవకపోవచ్చు, లేచినా ఎప్పుడు కూలుతుందో చెప్పలేం. కాబట్టి వెనక్కి పోయిన అప్‌డేట్ మన రోజును పాడుచేసిందేమో గానీ మన సిస్టంను కాపాడింది.

ఆ జాగ్రత్త లేనిచోట ఏమవుతుందో 2024 జూలై 19న లోకమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ తన సొంత దారిలో పంపుకున్న ఒక చిన్న ఫైలు చక్కగా ఇన్‌స్టాల్ అయింది. అదే కొంప ముంచింది. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర మీద ఆగిపోయాయి. చాలాచోట్ల మనిషి యంత్రం దగ్గరికి పోయి సేఫ్ మోడ్‌లో, అంటే అత్యవసరమైనవి మాత్రమే నడిచే స్థితిలో, ఆ ఫైలును తీసేయాల్సి వచ్చింది.

ఇక అప్‌డేట్ ఎందుకు ఆగిందో ఎలా తెలుస్తుంది? సెట్టింగ్స్‌లో అప్‌డేట్ హిస్టరీ తెరిస్తే సున్నా, ఎక్స్‌తో మొదలై ఎనిమిది అంకెలో అక్షరాలో ఉన్న ఒక సంఖ్య ఉంటుంది. జనం దాని ముఖం కూడా చూడరు. చూడాలి, ఎందుకంటే కాగితం పెన్నుతో విప్పగలిగిన సంఖ్య అది. ఉదాహరణకు 80070070. మొదటి 8 అంటే పని చెడిందని. తర్వాతి 007 అంటే ఈ ఫిర్యాదు విండోస్ మామూలు ఎర్రర్ల పట్టికలోదని. చివరి నాలుగు అంకెలు ఆ పట్టికలో వరుస సంఖ్య, కాకపోతే పదహారు ఆధారంగా రాసింది, అందులో పది నుంచి పదిహేను దాకా ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు వాడతారు. 0070 అంటే ఏడు పదహార్లు, 112. పట్టికలో 112వ ఎర్రర్: డిస్కులో జాగా చాలదు. అంతే! అదే విధంగా 80070005లో చివర 5, అంటే అనుమతి లేదు. 80070002లో 2, అంటే ఫైలు దొరకలేదు. ఈ 2, 5 సంఖ్యలు 1983 నాటి డాస్ 2.0లోనూ ఇవే అర్థాలతో ఉన్నాయి. నలభై ఏళ్ల కిందటి జాబితా మన కొత్త ల్యాప్‌టాప్ లోపల ఇంకా బతికే ఉంది.

కొన్ని సంఖ్యలు తిన్నగా చెప్పవు. కాజీపేటలో ఒక జిరాక్స్ షాపులో పాత డెస్క్‌టాప్ ఏ అప్‌డేట్‌నూ దించుకోవడం లేదు. సంఖ్య 80072ఎఫ్8ఎఫ్. చివరి నాలుగు విప్పితే 12175, అంటే సర్వర్‌తో భద్రమైన కనెక్షన్ కుదరలేదని. నెట్ బాగానే ఉంది, ఫోన్‌లో వీడియోలు ఆడుతున్నాయి. షాపాయన రౌటర్‌ను తిట్టుకుంటున్నాడు. తెర కింది మూల చూస్తే తేదీ ఎన్నో ఏళ్ల కిందటిది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బటన్ సెల్ ఉంటుంది, సీఆర్2032 అంటారు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే ప్లగ్ తీసిన ప్రతిసారీ సిస్టం పాత తేదీకి పోతుంది. సర్వర్ చూపించే డిజిటల్ సర్టిఫికెట్‌కు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లుతుందనే గడువు రాసి ఉంటుంది. పాత తేదీలో బతుకుతున్న సిస్టంకు ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, కాబట్టి నమ్మదు. తేడా మరీ ఎక్కువైతే విండోస్ గడియారాన్ని తనంతట తాను సరిదిద్దుకోదు కూడా. సెల్ మార్చి తేదీ సరిచేయగానే అప్‌డేట్ దిగడం మొదలైంది.

జాగా సంగతి అందరికీ తెలిసిందే, కాబట్టి క్లుప్తంగా చెబుతా. 128 జీబీ ఎస్ఎస్‌డీ సి డ్రైవ్‌లో నాలుగైదు జీబీలే మిగిలి ఉంటే నెలవారీ అప్‌డేట్ కూడా తంటాలు పడుతుంది. విండోస్ కొత్తగా ఎక్కిన సిస్టంలలో అప్‌డేట్ల కోసం దాదాపు 7 జీబీ ముందే పక్కన పెట్టుకుంటుంది గానీ అదే అన్నిసార్లూ సరిపోదు. డిస్క్ క్లీనప్ వాడండి, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఖాళీ చేయండి. విండోస్ ఫోల్డర్ లోపల విన్‌ఎస్ఎక్స్ఎస్ అని పెద్ద ఫోల్డర్ కనబడితే మాత్రం చేత్తో ముట్టుకోవద్దు.

ఎందుకంటే అసలు కథంతా అక్కడే ఉంది. విండోస్ తన భాగాల ప్రతులను దాచుకునే గోదాం అది. అప్‌డేట్ పంపేటప్పుడు మైక్రోసాఫ్ట్ ప్రతి ఫైలునూ మొత్తంగా పంపదు, పాతదానికీ కొత్తదానికీ ఉన్న తేడాను మాత్రమే పంపుతుంది. విండోస్ 11లో ఈ తేడాల లెక్కను ఇంకా మెరుగుపరిచి ప్యాకేజీ సైజును దాదాపు 40 శాతం తగ్గించామని కంపెనీ 2021లో చెప్పింది. డేటా ఆదా అవుతుంది, కానీ ఇందులో ఒక మెలిక ఉంది. పెళ్లి కార్డు ప్రూఫ్ చూసి ఇంటివాళ్లు డీటీపీ షాపుకు ఫోన్ చేసి "ఐదో లైన్లో మూడో మాట మార్చు" అన్నారనుకోండి. షాపులో తెరిచి ఉన్నది ఇంకో ప్రూఫ్ అయితే ముహూర్తానికి బదులు మేనమామ పేరు మారిపోతుంది. తేడా అంటించాలంటే అడుగున ఉన్న పాత ప్రతి అక్షరం పొల్లుపోకుండా అదే అయ్యుండాలి. విండోస్ ఆ షాపులా గుడ్డిగా మార్చదు. తయారైన ఫైలుకు ఉండాల్సిన హ్యాష్, అంటే ఫైలు మొత్తం నుంచి లెక్కకట్టిన గుర్తు, సరిపోలకపోతే అక్కడే ఆగిపోతుంది.

ఇప్పుడు ఆలోచించండి. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచి కరెంటు పోయింది, యూపీఎస్ లేదు. ఆ క్షణంలో రాస్తున్న ఒక ఫైలు చెడింది. లేదా పాత హార్డ్‌డిస్కులో ఒక చోటు పాడైంది. ఆ ఫైలుతో మనకు రోజూ పని లేదు కాబట్టి ఏమీ తెలియదు. కొన్ని నెలల తర్వాత వచ్చిన అప్‌డేట్ సరిగ్గా దానికే తేడా అంటించబోతుంది, కుదరదు, అంతా వెనక్కి. నిందేమో కొత్త అప్‌డేట్ మీద, చెడింది పాత ఫైలు. నా అనుభవంలో పదే పదే విఫలమయ్యే అప్‌డేట్లలో ఎక్కువ శాతం ఈ బాపతువే. 80073712, 800ఎఫ్081ఎఫ్ అనే సంఖ్యలు గోదాం చెడిందనో, కావాల్సిన భాగం దొరకలేదనో చెబుతాయి.

దీనికి విండోస్‌లోనే రెండు పనిముట్లున్నాయి, డిజ్మ్, ఎస్ఎఫ్‌సీ అని. రెండూ అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో నడపాలి. డిజ్మ్ ఆ గోదాంను తనిఖీ చేసి, చెడిన భాగాలకు మంచి ప్రతులను నెట్ నుంచి తెస్తుంది. ఎస్ఎఫ్‌సీ వాడుకలో ఉన్న సిస్టం ఫైళ్లను ఆ గోదాంతో పోల్చి బాగుచేస్తుంది. గోదాంలోనే సరుకు చెడి ఉంటే ఎస్ఎఫ్‌సీ ఏం చేయగలదు? కాబట్టి డిజ్మ్ ముందు, ఎస్ఎఫ్‌సీ తర్వాత. చాలామంది తలకిందులుగా చేసి పనిచేయలేదంటారు. మధ్యలో ఒక శాతం దగ్గర చాలాసేపు కదలకుండా ఉంటుంది, టెన్షన్ పడి మూసేయొద్దు.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. మన దగ్గర చాలా సెంటర్లలో ఉండేది ఎవరో కోసి పలచన చేసిన "లైట్" విండోస్. పాత సిస్టంలో తేలిగ్గా నడవాలని గోదాంలోంచి సగం సరుకు ఎత్తేసి ఉంటారు. అలాంటిదాన్ని ఏ పనిముట్టూ బాగుచేయలేదు, ఉండాల్సినదే అందులో లేదు కాబట్టి.

సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ పేరు మార్చమని చెప్పే వీడియోలు కొల్లలు. దించుకున్న అప్‌డేట్లు ఉండే చోటు అది. అప్‌డేట్ సర్వీసును కాసేపు ఆపి పేరు మారిస్తే విండోస్ కొత్త ఫోల్డర్ కట్టుకుని మళ్లీ దించుకుంటుంది. డౌన్‌లోడ్ సగంలో చెడినప్పుడు ఇది బాగా పనిచేస్తుంది. రీస్టార్ట్ తర్వాత చెడుతున్న అప్‌డేట్‌కు మాత్రం దీనివల్ల సాధారణంగా ఒరిగేదేమీ ఉండదు. డౌన్‌లోడ్ అయి, రీస్టార్ట్ దాకా వచ్చి వెనక్కి పోతుంటే డ్రైవర్లను (ప్రింటర్ లాంటి సామానును నడిపే ప్రోగ్రాములను), బయటి యాంటీవైరస్‌ను అనుమానించాలి. తగిలించిన సామాను తీసేసి చూడాలి: పెన్‌డ్రైవ్, వేలిముద్రల యంత్రం, స్కానర్. 2019 మే నాటి పెద్ద అప్‌డేట్‌ను యూఎస్‌బీ డిస్కో మెమరీ కార్డో తగిలించి ఉన్న సిస్టంలకు మైక్రోసాఫ్టే కొన్నాళ్లు ఆపింది. డ్రైవ్‌ల అక్షరాలు (సి, డి, ఇ లాంటివి) తారుమారయ్యే ప్రమాదం ఉందని తేలింది.

ఒక్కోసారి మన వైపు ఏ తప్పూ ఉండదు. 2024 జనవరి 9న విండోస్ 10కు వచ్చిన కేబీ5034441 అనే అప్‌డేట్ ఎందరినో ఏడిపించింది. సంఖ్య 80070643, విప్పితే 1603: ఇన్‌స్టాలేషన్ విఫలమైంది. రోగం ఏమిటంటే ఒంట్లో బాగాలేదు అన్నట్టుంది! జనం డిజ్మ్ నడిపారు, ఫోల్డర్లు మార్చారు, ఏదీ పనిచేయలేదు. అసలు కారణం డిస్కు చివర కనబడకుండా ఉండే రికవరీ పార్టిషన్ (విండోస్ చెడితే బాగుచేసే పనిముట్లుండే భాగం) చిన్నదవడం, అందులో 250 ఎంబీ ఖాళీ లేకపోవడం. ఆ పార్టిషన్‌ను చేత్తో పెంచుకోమని మైక్రోసాఫ్ట్ సలహా ఇచ్చింది. మామూలు మనిషికి అది చెప్పదగ్గ సలహా కాదని నా అభిప్రాయం, అంకె ఒకటి తప్పితే డేటా పోతుంది. కాబట్టి ఒకే సంఖ్య ఒకేసారి లోకమంతా వస్తోందేమో వెతికి చూడండి. అలాంటప్పుడు కొన్నాళ్లు ఊరుకోవడమే మేలు.

ఊరుకోవడం వేరు, అప్‌డేట్లను శాశ్వతంగా ఆపేయడం వేరు. 2017 మే 12న వాన్నాక్రై వైరస్ లోకం మీద పడినప్పుడు అది వాడుకున్న లోపానికి మందు మార్చి 14నే వచ్చేసింది. వేసుకోని సిస్టంలే ఫైళ్లు పోగొట్టుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా ఆ దెబ్బ తిన్నాయి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, తగిన ప్రాసెసర్ లేని యంత్రం విండోస్ 11 వద్దంటే అది రిపేరు చేయగల లోపం కాదు, దాంతో కుస్తీ పట్టడం దండగ.

ఇవేవీ పనిచేయకపోతే షాపులో వినబడే మాట "ఫార్మాట్ కొట్టుడే". రిపేరు చేసేవాళ్లకు అది సులువు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ప్రింటర్ సెట్టింగులు అన్నీ కూర్చుకున్న డీటీపీ షాపాయనకు మాత్రం నాలుగు రోజుల పని మట్టిలో కలిసినట్టే. దానికి ముందు ఇంకో మెట్టు ఉంది. విండోస్‌ను దాని మీద దాన్నే మళ్లీ ఎక్కించొచ్చు, ఫైళ్లూ ప్రోగ్రాములూ అలాగే ఉంటాయి. విండోస్ 11లో సెట్టింగ్స్ లోపల రికవరీ కిందే ఆ బటన్ దొరుకుతుంది. విండోస్ 10లో అయితే మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఐఎస్ఓ (విండోస్ సెటప్ మొత్తం ఉండే ఒకే ఫైలు) దించి, నడుస్తున్న విండోస్ లోంచే సెటప్ నొక్కి, ఫైళ్లూ యాప్‌లూ ఉంచమని ఎంచుకోవాలి. గోదాం మొత్తం కొత్తగా కట్టుకుంటుంది కాబట్టి మొండి కేసులు చాలావరకు ఇక్కడ దారికొస్తాయి.

అయినా ముందు పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి. కొత్త ల్యాప్‌టాప్ అయితే ఇంకో పని. చాలావాటిలో డిస్కు మనకు తెలియకుండానే విండోస్‌లోనే ఉండే బిట్‌లాకర్ అనే పనిముట్టుతో తాళం పడి ఉంటుంది. 2024 జూలై అప్‌డేట్ తర్వాత కొన్ని సిస్టంలు లేవగానే ఆ తాళంచెవి అడిగాయి. అది 48 అంకెల సంఖ్య. ల్యాప్‌టాప్ కొన్నప్పుడు ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో తెరిచారో సాధారణంగా అందులోనే ఉంటుంది. ఆ అకౌంట్ షాపువాడు తన మెయిల్‌తో తెరిచి ఇచ్చాడేమో, అది మాత్రం సెటప్ నొక్కకముందే అడిగి తెలుసుకోండి.