బ్లాక్ లోకస్ట్ కర్రతో విల్లు: అపోహలు, వాస్తవాలు

మౌలాలీలో మా షెడ్డుకు విల్లు చేయడం నేర్చుకోవాలని వచ్చే కుర్రాళ్లు ముందే అమెరికా వీడియోలు చూసి వస్తారు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "అన్నా, బ్లాక్ లోకస్ట్ కర్ర ఉందా?" పోయినేడాది హిమాచల్ నుంచి తెలిసినాయన నాలుగు దుంగలు పంపాడు. అప్పట్నుంచీ ఈ అపోహలతోనే నా కాలక్షేపం.

అపోహ: ఇది మన నల్లతుమ్మే.
కాదు. రెండూ చిక్కుడు కుటుంబమే, రెండింటికీ ముళ్లున్నాయి, చుట్టరికం అంతవరకే. దీని శాస్త్రీయ నామం రోబినియా సూడోఅకేసియా, అంటే 'దొంగతుమ్మ' అనుకోండి. పుట్టిల్లు అమెరికా తూర్పున ఉన్న అపలేచియన్ కొండలు. అక్కడి చెరోకీ ఆదివాసులు దీనితో విళ్లు చేసుకునేవారు. మన దేశంలో హిమాలయాల వైపు నాటారు. కశ్మీరులో దీన్ని కీకర్ అంటారు, మైదానాల్లో కీకరంటే నల్లతుమ్మ. టింబర్ డిపోలో 'కీకర్' అనడిగితే ఏమిస్తారో మీరే ఊహించుకోండి.

అపోహ: పురుగు పట్టదు.
కొట్టిన కర్రలో చేవకు, అంటే నడిమి గట్టి చెక్కకు, అంత తేలిగ్గా పట్టదు, నిజమే. బెరడు కింది తెల్లచెక్కకు పడుతుంది. ఆ తెల్లచెక్క విల్లుకు ఎలాగూ పనికిరాదు, తీసేయండి.

అపోహ: ఎండలో పడేస్తే త్వరగా ఆరుతుంది.
ఆరుతుంది, పగులుతుంది కూడా. కర్రలోని తడి పక్కల కన్నా కొసల నుంచి చాలా వేగంగా పోతుంది. అందుకే చెట్టు కొట్టిన రోజే రెండు కొసలకూ ఫెవికాల్ దట్టంగా పూయాలి. రంపంతో కోయకుండా, ఇనుప చీలలు దించి నార వెంట నిలువునా చీల్చాలి. తెల్లచెక్క తీశాక బయటపడ్డ చేవకూ పూత వేసి, నీడలో, నేలకు ఎత్తుగా ఆరబెట్టాలి.

అపోహ: ఎంత ఎండితే అంత మంచిది.
నా మొదటి కర్ర ఈ నమ్మకానికే బలైంది. మే నెలంతా రేకుల కింద అటక మీద పెట్టాను. విల్లయ్యాక 24 అంగుళాలు లాగేసరికి ఫట్‌మంది, సగం ముక్క ఎగిరి పక్కనున్న సైకిల్ మీద పడింది. కర్రలో తేమ 8 నుంచి 10 శాతం ఉండాలి. మన మే ఎండలకు అంతకన్నా దిగిపోయి పెళుసెక్కుతుంది. ఆగస్టులో దానికి రివర్సు: తేమ పీల్చుకున్న విల్లు వంగితే మళ్లీ పూర్తిగా నిటారుకు రాదు. నేను వారానికోసారి కర్రను తూకం వేస్తాను. వరసగా మూడు వారాలు బరువు మారకపోతే అది చుట్టూ ఉన్న గాలితో సర్దుకున్నట్టు. వేసవిలో మాత్రం కూలరున్న గదిలో ఓ మూలన పెడతాను. ఇంట్లో వాళ్లు ఏమంటారో రాయను.

అపోహ: నున్నగా చిత్రిక పడితే వీపు సిద్ధం.
ఎక్కువ విళ్లు పోయేది ఇక్కడే. వీపంటే మనకు అవతలి వైపు, లాగినప్పుడు సాగేది. పొట్టంటే మన వైపు, నొక్కుకునేది. టేకు ముక్క కొస చూడండి: ఏడాదికో వలయం, అందులో ముందు గుల్ల పొర, తర్వాత గట్టి పొర. లోకస్టూ అంతే. విల్లు వీపు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే వలయం గట్టి పొర మీద నడవాలి. చిత్రిక రెండు మూడు వలయాలను అడ్డంగా కోసేస్తుంది, లాగినప్పుడు అక్కడే నార లేస్తుంది.

రెండు పిడుల కత్తితో దగ్గరిదాకా తెచ్చి, చివర్లో స్క్రేపర్ పట్టండి. కంటికన్నా చెవి నయం. గుల్ల పొర మీద కరకరమంటూ పొడి రాలుతుంది, గట్టి పొర తగలగానే చప్పుడు తగ్గి సన్నటి చుట్టలు లేస్తాయి. అక్కడ ఆగిపోవాలి. ముడి ఎదురైతే దాని చుట్టూ దిబ్బలా వదిలేయండి, చదును చేయొద్దు. వలయాలు సన్నగా ఉన్న కర్రకు నాకు ఈ ఒక్క పనికే రెండు రోజులు పడుతుంది.

అపోహ: ఇంగ్లీషు లాంగ్‌బోలా (ఇంగ్లండు వాళ్ల పాతకాలపు పొడుగు విల్లులా) పొట్ట గుండ్రంగా ఉండాలి.
అది ఆ విళ్లకు వాడే యూ అనే చెట్టు కర్రకు నప్పుతుంది. లోకస్ట్ సాగడంలో గట్టిది, నొక్కుడుకు అంత తట్టుకోదు. గుండ్రటి పొట్ట మీద భారమంతా నడి గీత మీదే పడి, వెంట్రుకల్లాంటి ముడతలు అడ్డంగా వస్తాయి. గోరు ఆనిస్తే తగులుతాయి. అందుకే పొట్ట వెడల్పుగా, చదునుగా ఉంచి, వీపును దానికన్నా కాస్త ఇరుకు చేస్తాను. ముడత ఒకసారి పడితే నూనె రాసినా, మైనం పట్టించినా పోదు. అలాంటి విల్లొకటి మా షెడ్డులో గోడకు అడ్డంగా కట్టి ఉంది, తడి తువ్వాళ్లు ఆరేసుకుంటున్నాం.