పదమూడు గెలిచినా పిలుపు రాని జట్టు: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ర్యాంకుల వెనుక కథ

2023 డిసెంబరు 3న ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకు ఐదో ర్యాంకు వచ్చింది. ఆడిన 13 మ్యాచ్‌లూ గెలిచి, తన కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీల జట్లు కలిసి ఆడే లీగ్) టైటిల్ కూడా అందుకున్న ఆ జట్టును, దేశ ఛాంపియన్‌ను తేల్చే నాలుగు జట్ల ప్లేఆఫ్‌కు పిలవకుండా, ఒక ఓటమి ఉన్న అలబామాకు నాలుగో స్థానం ఇచ్చారు. ఫ్లోరిడా స్టేట్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ దాడిని నడిపించే కీలక ఆటగాడు) జోర్డన్ ట్రావిస్ కాలికి గాయమై ఆటకు దూరమవడంతో జట్టు బలం తగ్గిందన్నది ఎంపిక కమిటీ చెప్పిన కారణం.

ఆటలో గెలిచినవారిని గదిలో ఓడించే ఈ పద్ధతికి మూలం లెక్కలోనే ఉంది. పై శ్రేణిలో 130కి పైగా జట్లుండగా, ఒక్కో జట్టు సీజన్‌లో ఆడేది సుమారు 12 మ్యాచ్‌లే కాబట్టి, అగ్రస్థానానికి పోటీపడేవి చాలాసార్లు ఒకదానికొకటి ఎదురే పడవు. ఆ ఖాళీని 1936 నుంచి అసోసియేటెడ్ ప్రెస్ విలేకరుల ఓట్లు, 1950 నుంచి కోచ్‌ల ఓట్లు పూరించాయి. 1973లో కోచ్‌ల పోల్ అలబామాను ముందే ఛాంపియన్‌గా ప్రకటించాక, అదే అలబామా షుగర్ బౌల్‌లో (సీజన్ చివర ఎంపికైన జట్ల మధ్య జరిగే ‘బౌల్’ మ్యాచ్‌లలో ఒకటి) నోటర్ డేమ్ చేతిలో 24-23తో ఓడింది. ఆ మరుసటి ఏడాది నుంచి బౌల్ మ్యాచ్‌లు ముగిశాకే తుది ఓటు వేయడం మొదలైంది. అయినా బౌల్స్‌కు, కాన్ఫరెన్స్‌లకు మధ్య ఉన్న పాత ఒప్పందాల వల్ల 1997లో ఓటమి ఎరుగని మిషిగన్, నెబ్రాస్కా తలపడలేకపోయాయి, రెండు పోల్స్ చెరొక జట్టును ఎంచుకోవడంతో టైటిల్ రెండు ముక్కలైంది.

మొదటి రెండు జట్లను ఒకే మైదానంలోకి తేవడానికి 1998లో బీసీఎస్ (బౌల్ ఛాంపియన్‌షిప్ సిరీస్) వచ్చింది. పోల్స్, కంప్యూటర్ ర్యాంకులు, ప్రత్యర్థుల బలం, ఓటముల సంఖ్య కలిపి ఒక సూత్రం తయారుచేశారు. 2003లో ఆ సూత్రం బోల్తా పడింది. సొంత కాన్ఫరెన్స్ ఫైనల్‌లో కాన్సాస్ స్టేట్ చేతిలో 35-7తో చిత్తయిన ఓక్లహోమా బీసీఎస్ జాబితాలో మొదటి స్థానంలోనే నిలవగా, రెండు పోల్స్‌లోనూ అగ్రస్థానంలో ఉన్న సదరన్ కాలిఫోర్నియా మూడో స్థానానికి జారి ఫైనల్‌కు దూరమైంది. ఫైనల్‌లో ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) గెలిచింది. విలేకరులు మాత్రం తమ టైటిల్‌ను సదరన్ కాలిఫోర్నియాకే ఇచ్చారు. ఏ చీలికను నివారించడానికి ఈ వ్యవస్థ పుట్టిందో, ఆ చీలికే మళ్లీ వచ్చింది. మరుసటి ఏడాది కంప్యూటర్ల వాటాను మూడో వంతుకు పరిమితం చేశారు. ఆ ఏడాదే అజేయంగా ఉన్న ఆబర్న్‌కు ఫైనల్‌లో చోటు దక్కలేదు, అసోసియేటెడ్ ప్రెస్ తన పోల్‌ను సూత్రం నుంచి ఉపసంహరించుకుంది. ఒక్కో ఏటి గాయానికి ఒక్కో కట్టు కట్టారే తప్ప, ఫైనల్‌లో రెండే చోట్లున్నాయన్న అసలు ఇబ్బందిని చాలాకాలం ఎవరూ ముట్టుకోలేదని నా అభిప్రాయం.

2014లో సూత్రం స్థానంలో 13 మంది సభ్యుల కమిటీ, రెండు చోట్ల స్థానంలో నాలుగు వచ్చాయి. 2024లో వాటిని పన్నెండుకు పెంచి, ర్యాంకుల్లో ముందున్న ఐదుగురు కాన్ఫరెన్స్ ఛాంపియన్లకు నేరుగా ప్రవేశం ఇచ్చారు. ఆ తొలి ఏడాది మొదటి రౌండ్ ఆడే పనిలేకుండా నేరుగా క్వార్టర్‌ఫైనల్ చేరిన నాలుగు జట్లూ అక్కడే ఓడిపోయాయి. ఎనిమిదో సీడ్ ఒహైయో స్టేట్ ఫైనల్‌లో నోటర్ డేమ్‌ను 34-23తో ఓడించి టైటిల్ గెలిచింది. 2023 డిసెంబరు జాబితాలో ఫ్లోరిడా స్టేట్ సరిగ్గా ఐదో కాన్ఫరెన్స్ ఛాంపియన్. ఈ నియమం ఒక్క ఏడాది ముందు అమల్లోకి వచ్చి ఉంటే, ట్రావిస్ గాయంతో నిమిత్తం లేకుండా ఆ జట్టు మైదానంలోకి దిగి ఉండేది.