అరచేతికి ముందే తెలిసిన లెక్క

"ఇది సరైనదని లోలోపల గట్టిగా అనిపిస్తుంది, కానీ కారణం చెప్పలేక ప్రతిసారీ వెనకడుగు వేస్తాను, ఆ అనిపించడాన్ని నమ్మవచ్చా?" అని ఒక పాఠకురాలు అడిగారు. నాకు వెంటనే నాలుగు పేక కట్టలు గుర్తుకొచ్చాయి.

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఆంటోయిన్ బెషారా, ఆంటోనియో డమాసియో తదితరులు రూపొందించి 1994లో ప్రకటించిన ప్రయోగం అది. ఆడేవారికి 2,000 డాలర్ల ఉత్తుత్తి డబ్బు ఇచ్చి, నాలుగు కట్టల్లో నచ్చినదాని నుంచి ఒక్కొక్క ముక్కే తీయమంటారు. రెండు కట్టల్లో ముక్కకు 100 డాలర్లు వస్తాయి, అయితే మధ్యమధ్య పడే భారీ జరిమానాల వల్ల పది ముక్కలకు 250 డాలర్లు నష్టమే మిగులుతుంది. మిగతా రెండింటిలో ముక్కకు 50 డాలర్లే వచ్చినా, జరిమానాలు చిన్నవి కాబట్టి పది ముక్కలకు 250 లాభం. ఈ లెక్క ఆడేవారికి చెప్పరు.

అసలు అద్భుతం అరచేతిలో ఉంది. చెమటలో లవణాలుంటాయి కనుక, కంటికి కనిపించనంత తేమ చేరినా చర్మం గుండా విద్యుత్తు సులువుగా పారుతుంది. ఆ స్వేదగ్రంథులు మన ఇష్టంతో నిమిత్తం లేకుండా సహానుభూత నాడీవ్యవస్థ (శరీరాన్ని అప్రమత్తం చేసే నరాల వ్యవస్థ) ఆజ్ఞలతో పనిచేస్తాయి. 1997లో వెలువడిన ఫలితాల ప్రకారం, సుమారు పది ముక్కలు తీసేసరికే, నష్టాల కట్ట నుంచి ముక్క తీయబోయే ముందు ఆడేవారి అరచేతిలో కొలిచిన ఆ విద్యుత్ స్పందన పెరగసాగింది. అప్పుడు అడిగితే, ఆట సంగతి తమకేమీ అంతుపట్టలేదన్నారు. యాభై ముక్కల దగ్గర ఆ రెండు కట్టల మీద అనుమానం కలిగింది. ఎనభై దగ్గరికి వచ్చాక పదిమందిలో ఏడుగురు కారణం వివరించగలిగారు. మిగిలిన ముగ్గురు చివరిదాకా వివరించలేకపోయినా, లాభాల కట్టలనే ఎంచుకున్నారు.

మరింత నిశితంగా ప్రశ్నిస్తే ఆడేవారికి అంతకన్నా ముందే కొంత తెలుస్తోందని 2004లో టియాగో మాయా, జేమ్స్ మెక్‌లెలాండ్ అనే పరిశోధకులు చూపించారు. ఆ అభ్యంతరం బలమైనదే. అయినా, ఎవరికైనా మనసులో తోచినది మాటల్లో పెట్టడానికి సమయం పడుతుందన్న సంగతి దానివల్ల చెరిగిపోదు.

దీన్ని శకునాలతో ముడిపెట్టేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఆ చెయ్యి భవిష్యత్తును చూడలేదు, అప్పటికే దెబ్బతీసిన ముక్కలను గుర్తుంచుకుంది. ఒక రంగంలో స్థిరమైన క్రమం ఉండి, చేసిన ప్రతి పనికీ ఫలితం త్వరగా, స్పష్టంగా తెలుస్తూ వస్తే, అక్కడ పండిన అంతఃప్రేరణను నమ్మవచ్చని మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమన్, గ్యారీ క్లైన్ 2009లో ఏకాభిప్రాయానికి వచ్చారు. మీరు ఏళ్ల తరబడి చేస్తున్న పనిలో, తప్పులను అక్కడికక్కడే దిద్దుకున్న పనిలో అలా అనిపిస్తే, కారణం దొరకలేదని ఆగిపోకండి.

ఆ ప్రయోగంలో మరికొందరూ ఆడారు. వారి మెదడు ముందు భాగంలో, కళ్లకు కాస్త పైన ఉండే ప్రాంతం దెబ్బతింది. ఆరుగురిలో ముగ్గురు ఏ కట్టలు నష్టం తెస్తాయో సరిగ్గా వివరించారు. అయినా, ముక్క తీయబోయే ముందు వారి అరచెయ్యి చెమర్చలేదు. చెయ్యి మళ్లీ ఆ కట్టల మీదికే వెళ్లింది.