బంగారు రేణువు కణంలోకి పోయే దారి

కర్నూలు పెద్దాసుపత్రిలో క్యాన్సర్ రోగుల వెంట వచ్చినవాళ్లు, ఆదోని, పత్తికొండ వైపువాళ్లు, తరచూ అడిగే మాట ఒకటుంది: "ఈ మందు గడ్డకొక్కదానికే పోయేట్లు చేయలేరా సార్?" జుట్టు రాలి, నోరు పూసి, అన్నం సయించని మనిషి పక్కనే ఉంటే ఇంకేం అడుగుతారు? జర్మనీ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ కూడా ఇదే కోరుకున్నాడు. రోగాన్ని మాత్రమే తాకే "మాయా తూటా" కావాలని వందేళ్ల కిందటే అన్నాడు. మందును గడ్డ కణాల్లోకి మోసుకుపోయే బంగారు రేణువులతో ఇప్పుడు చేస్తున్న ప్రయత్నం కూడా అదే. ముందు, కణం ఒక వస్తువును లోపలికి ఎలా తీసుకుంటుందో చూద్దాం.

1908లో ఆయనతో నోబెల్ పంచుకున్న రష్యా శాస్త్రవేత్త మెచ్నికోవ్ 1882లో నక్షత్ర చేప పిల్లకు ముల్లు గుచ్చి చూశాడు. కణాలు ముల్లు చుట్టూ మూగాయి. పరాయి వస్తువును కణం మింగేస్తుందని తేలింది అలాగే. 1964లో రాత్, పోర్టర్ అనే పరిశోధకులు దోమ గుడ్డు కణాల్లో ఇంకో వివరం చూశారు: కణం పై పొర గుంటపడి, సంచిలా తెగి, పోషక ప్రొటీన్‌ను లోపలికి తీసుకుపోతోంది. ఆ గుంట చుట్టూ పంజరంలా అల్లుకునే ప్రొటీన్‌కు 1976లో బార్బరా పియర్స్ క్లాత్రిన్ అని పేరు పెట్టారు.

బంగారం, సిలికా, ఇనుప ఆక్సైడ్ నానో రేణువులు (కంటికి కనపడనంత చిన్నవి) ఎక్కువగా ఇలాంటి సంచుల్లోనే లోపలికి పోతాయి. పొర మీది రిసెప్టర్ (తనకు సరిపడే పదార్థాన్ని పట్టుకునే ప్రొటీన్) పట్టుకోవడానికి రేణువుకు ఏదో ఒకటి అతికించాలి. అలా వాడేవాటిలో ఫోలిక్ యాసిడ్ ఒకటి, ఎందుకంటే కొన్ని క్యాన్సర్ కణాల మీద దాని రిసెప్టర్లు ఎక్కువ. గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేదే ఇది. 1940లలో దాన్ని ల్యాబ్‌లో తయారుచేసిన బృందాన్ని నడిపింది మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఈ సంగతి మన పిల్లలకు తప్పకుండా చెప్పాలి.

సైజు కూడా ముఖ్యమే. టొరంటోలో వారెన్ చాన్ బృందం 2006లో చూస్తే, 50 నానోమీటర్ల బంగారు రేణువులు అన్నిటికన్నా ఎక్కువగా లోపలికి పోయాయి. మిల్లీమీటర్‌ను 20 వేల ముక్కలు చేస్తే ఒక ముక్క అంత.

లోపలికి పోతే పని అయిపోదు. సంచి చివరికి లైసోజోమ్‌లో, అంటే కణం లోపలి జీర్ణసంచిలో, కలుస్తుంది. అక్కడ పులుపు, జీర్ణరసాలు. బంగారం అరగదు, కానీ మందు చెడిపోవచ్చు, లేదా అక్కడే చిక్కుకుపోవచ్చు. అందుకే పులుపు తగలగానే తెగే బంధంతో మందును రేణువుకు కడుతున్నారు. నా దృష్టిలో కణం లోపల అసలు కష్టమంతా ఈ సంచి దాటడంలోనే ఉంది.

దానికన్నా ముందు గడ్డ దాకా చేరాలి కదా. అంతకుముందు పదేళ్ల పరిశోధనలను చాన్ బృందమే 2016లో కలిపి చూస్తే, ఎక్కించిన రేణువుల్లో గడ్డకు చేరింది మధ్యస్థంగా 0.7 శాతమే. మిగతావాటిలో చాలా భాగాన్ని కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. అక్కడ వాటిని మింగేది మెచ్నికోవ్ చూసిన ఆ మింగే కణాల జాతే.