వీణ ఎవరు కనిపెట్టారు? కొన్ని అపోహలు, వాస్తవాలు

వీణ నేర్పుతాను కాబట్టి పిల్లల్ని చేర్చడానికి వచ్చే అమ్మానాన్నలు చాలామంది అడుగుతుంటారు, అసలు వీణ ఎవరు కనిపెట్టారండీ అని. వాట్సాప్‌లో తిరిగేవాటిలో ఎక్కువ తప్పులే, అందుకే రాస్తున్నా.

అపోహ: వేదకాలం నుంచీ వీణ ఇలాగే ఉంది.

లేదండీ. పాతకాలంలో తీగల వాయిద్యం ఏదైనా వీణే. మన అమరావతి శిల్పాల్లో చూడండి, విల్లులా వంగినదానికి తీగలు కట్టి ఒళ్ళో పెట్టుకుని మీటుతుంటారు, మెట్లే (స్వరం కోసం తీగని నొక్కే అడ్డ కమ్మీలు) ఉండవు. సముద్రగుప్తుడి నాణేల మీద ఉన్నదీ అలాంటిదే. నాదం పలికే పనస చెక్క కుండ, దాన్నుంచి సాగే పొడవాటి దండి, మైనం మీద కూర్చోబెట్టిన 24 మెట్లు, ఇదంతా చాలా తర్వాత వచ్చింది.

అపోహ: తంజావూరు రఘునాథ నాయకుడు ఒక్కడే తయారుచేశాడు.

17వ శతాబ్దం మొదట్లో ఆయన కాలంలోనే 24 మెట్లు స్థిరపడ్డాయని మావాళ్ళంతా చెప్తారు, ఆయన తెలుగులో కావ్యాలు రాసిన రాజు, సంగీతం బాగా తెలిసినవాడు, ఆ గౌరవం ఇవ్వాల్సిందే. కానీ అంతకుముందే 1550లో విజయనగరంలో రామామాత్యుడు స్వరమేళకళానిధి అనే సంగీత గ్రంథంలో ఏ మెట్టు ఎక్కడ రావాలో వివరంగా రాసిపెట్టాడు, రాగం మారినప్పుడల్లా మెట్లు జరుపుకునే వీణ, అన్ని రాగాలకీ ఒకే మెట్లు సరిపోయే వీణ, రెండిటి గురించీ చెప్పాడు. అంటే ఆ ఆలోచన అప్పటికే నడుస్తోంది. స్థాయికి (ఒక స నుంచి పై స దాకా) 12 చొప్పున రెండు స్థాయిలకి మెట్లు కదలకుండా పెట్టాక వాటి మధ్యలో ఉండే సూక్ష్మ స్వరాలు ఎలా పలకాలి? తీగ పక్కకి లాగాలి, స్వరాన్ని ఊపి పలికించే మన గమకం అక్కడే ఉంది. ఇంకోటి, మేళం కట్టేవాళ్ళు, అంటే వీణకి మెట్లు అమర్చేవాళ్ళు, మైనం మెత్తగా ఉండగానే ఒక్కో మెట్టూ చెవితో విని సరిచేస్తారు, ఇప్పటికీ అంతే. నా దృష్టిలో వీణని తయారుచేసినవాళ్ళలో పేరు తెలీని ఆ పనివాళ్ళే ఎక్కువ, బొబ్బిలిలో ఒకే దుంగని తొలిచి వీణ చేసేవాళ్ళ దగ్గర కాసేపు కూర్చుంటే మీకే అర్థమవుతుంది.

అపోహ, ఈసారి వయొలిన్ గురించి: దాన్ని రావణుడు కనిపెట్టాడు.

రావణహత్త మన జానపద వాయిద్యమే, కమానుతోనే వాయిస్తారు, కానీ అదే వయొలిన్ అయిందనడానికి ఆధారం లేదు. ఇప్పటి వయొలిన్ రూపం 16వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో వచ్చింది, మొట్టమొదటిది ఎవరు చేశారో అక్కడివాళ్ళూ గట్టిగా చెప్పలేరు. కర్ణాటక సంగీతంలోకి తెచ్చింది మాత్రం ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు అంటారు.